రాగి బయటికొచ్చింది

మా నాయన కంసాలి. చిత్తూరులో బజారువీధి వెనక సందులో మా ఇల్లు, ముందరి గదే అంగడి. ఒక దాగలి, ఒక కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు, కూర్చోను చెక్కపీట. పదో తరగతి దాకా నా హోంవర్కంతా ఆ కుంపటి పక్కనే జరిగింది. తరవాత తిరుపతిలో కెమిస్ట్రీ చదివి, పీహెచ్‌డీలో చేరి, ఒక చిన్న సంగతి తెలీక ఏడాదికి పైగా తల బాదుకున్నాను. అది చివరికి ఆ కుంపటి దగ్గరే తెలిసింది. ముందే అడిగుంటే పోయేది. కానీ కెటలిస్టు గురించి నాయనను అడగాలని ఎవరికి తోస్తుంది?

నా పని రెండు లోహాల కెటలిస్టుల మీద. కెటలిస్టంటే తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగం చేసే పదార్థం. సిలికా అనే తెల్లపొడి ఉంటుంది. చూడ్డానికి ముగ్గుపిండిలా ఉన్నా లోపలంతా సన్నసన్న రంధ్రాలు. ఒక్క గ్రాము పొడిలో ఉండే లోపలి గోడలన్నీ పరిస్తే రెండు మూడు వందల చదరపు మీటర్లు వస్తాయి. ఆ గోడల మీద లోహాన్ని కంటికి కనపడని రేణువులుగా అంటిస్తాం. ఒకే లోహమైతే మామూలు కెటలిస్టు, ఒక్కో రేణువులో రెండు లోహాలు కలిసి ఉంటే బైమెటాలిక్. నాది నికెల్, ప్లాటినం. నూటికి ఇరవై పాళ్లు నికెల్, రెండు పాళ్లు ప్లాటినం, తక్కిందంతా సిలికా. మీథేన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ 700 డిగ్రీల పైన దీని మీదుగా పంపితే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. నికెల్ చౌక, కష్టజీవి. కానీ మీద మసి పేరుకుంటుంది, ఆక్సిజన్ తగిలితే చాలు ఆక్సైడై కూర్చుంటుంది. ప్లాటినం చిటికెడు వేస్తే నికెల్ లోహంగానే నిలబడుతుందని ఆశ.

ప్లాటినం వచ్చేది క్లోరోప్లాటినిక్ ఆమ్లం రూపంలో. నారింజ రంగు, గ్రాము సీసా. మా గైడ్ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుని, ఎంత తీశానో ఒక నోటుబుక్కులో నా చేత సంతకం పెట్టించుకునేవారు. అదేమీ తప్పు కాదు, మా నాయనా బంగారానికి అట్లే రాస్తాడు. నికెల్ నైట్రేట్ పచ్చటి నీళ్లలో ఈ నారింజ నీళ్లు కలిపి సిలికా మీద చుక్కచుక్కగా వేస్తూ కలపాలి. ఆవిరి మీద ఉడికించే పుట్టుకు అమ్మ పిండి తడిపినట్టు: పిడికిట్లో పడితే ముద్ద, వదిలితే పొడి. ఒక్క చుక్క ఎక్కువైతే చిత్తడై, ఎండేటప్పుడు లోహం అంచులకు పోయి పేరుకుంటుంది. రాత్రంతా 110 డిగ్రీల్లో ఎండబెట్టి, 450లో గాలిలో కాల్చి, ఆ తరవాత గాజు గొట్టంలో పెట్టి 500 డిగ్రీల్లో మూడు గంటలు హైడ్రోజన్ పంపితే బూడిదరంగు పొడి నల్లబడుతుంది. అప్పటికి లోహం తయారు.

తిప్పలంతా ఇక్కణ్ణించే. హైడ్రోజన్‌లో ఉన్నంతసేపే అది లోహం. బయటికి తీసి గాలి చూపించాలి. అంత సన్నటి నికెల్‌కు గాలి ఒక్కసారిగా తగిలితే మండుతుంది. ఒక గ్రాము నికెల్ పూర్తిగా ఆక్సైడైతే సుమారు 4 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అందుకని ముందు చల్లార్చి, నూటికి ఒక పాలే ఆక్సిజన్ కలిసిన నత్రజనిని గంటల తరబడి మెల్లగా పంపుతాం. రేణువు పైన పల్చటి ఆక్సైడు పొర కట్టుకుని అక్కడితో ఆగుతుంది. దీన్ని పాసివేషన్ అంటారు. పాలు మీగడ కట్టినట్టే అనుకోండి. పొర ఎందుకు ఆగుతుందన్నది 1940ల చివర్లో కాబ్రేరా, మాట్ అనే ఇద్దరు లెక్క కట్టారు. పొర పల్చగా ఉన్నప్పుడు దాని అడ్డంగా పుట్టే విద్యుత్ క్షేత్రం లోహపు అయాన్లను బయటికి లాగుతుంది. మందం పెరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది, మామూలు వేడిలో ఒకటి రెండు నానోమీటర్ల దగ్గర దాదాపు నిలిచిపోతుంది (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు).

ఆ రోజు బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ. తిరుపతిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం నుంచే రోడ్లన్నీ జనం. ల్యాబ్ తాళాలు చూసే అన్న పొద్దున్నుంచే గొణుగుతున్నాడు: "సార్, నాలుగింటికి మూసేస్తా, పైకి పోవాల." ఒక పాలు ఆక్సిజన్ సిలిండర్ చూస్తే ముల్లు సున్నా దగ్గరుంది. కొత్తది చెన్నై నుంచి రావాలి. పొడి పైపొరను పరీక్షించే ఎక్స్‌పీఎస్ స్లాటు ఎల్లుండి, బెంగళూరు బస్సుకు టికెట్ కూడా తీసేసుకున్నా. ఇక నత్రజని ఆపి, గొట్టం మూత కొంచెం వదులు చేసి, ఇరవై నిమిషాలు ఊరుకున్నా. మెల్లగా గాలి పోతుంది కదా, అదే పాసివేషన్ అని నాకు నేనే చెప్పుకున్నా. గొట్టం చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంది. రెండు గ్రాముల పొడిని బటర్ పేపర్ మీద వంచాను.

మొదట ఏమీ లేదు. ఒక లెక్క పెట్టేంత సేపటికి కుప్ప మధ్యలో కుంకుమ చుక్కంత ఎరుపు. అది అంచులదాకా పాకింది, కాగితం గోధుమరంగై, నల్లగై, కుప్ప కింద గుండ్రటి చిల్లు పడింది. అన్న తలుపు దగ్గరనుంచి "ఏంది సార్ వాసన?" అన్నాడు. "ఏం లేదన్నా, కాగితం" అన్నా. పొడి చల్లారాక చూస్తే నల్లగానే ఉంది, బాగానే ఉన్నట్టుంది. సీసాలో పోసి, లేబుల్ అంటించి, బస్సెక్కేశా. ఈ ముక్క మా గైడ్‌కు చెప్పలేదు. ఏడాది పైబడిన కథకు మూలం అదే.

ఎక్స్‌పీఎస్ అంటే పొడి మీదికి ఎక్స్-కిరణాలు పంపి, బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తిని కొలవడం. ఎలక్ట్రాన్లు లోతునుంచి బయటపడలేవు, కాబట్టి పైనున్న కొన్ని నానోమీటర్లే మాట్లాడతాయి. మేం ఎదురుచూసింది ప్లాటినం గురించి. నికెల్, ప్లాటినం కలిసిన లోహాన్ని శూన్యంలోనో హైడ్రోజన్‌లోనో వేడి చేస్తే ప్లాటినం పైకి తేలుతుందన్నది తెలిసిన విషయమే. రెండు పాళ్లే వేసినా పైన చేరి గట్టిగా కనపడాలి. తీరా గ్రాఫు వస్తే ఆక్సైడు నికెల్ కొండంత ఉంది, లోహం నికెల్ ఉండాల్సిన 852.6 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఒక బొడిపె కూడా లేదు. ప్లాటినం ఉండాల్సిన 71 దగ్గర ఏదో వాలు ఉంది, అంతే. ఇక్కడ ఒక చిక్కు. నికెల్‌కు కూడా 67 దగ్గర ఒక పీక్ ఉంది, దాని తోక 71 మీద పడుతుంది. ఇరవై పాళ్ల నికెల్ తోక కింద రెండు పాళ్ల ప్లాటినం చీమలా నలిగిపోతుంది. ప్లాటినానికి 314 దగ్గర ఇంకో పీక్ ఉంది గానీ అది అసలే నీరసం. అక్కడా చూశాం. శూన్యం.

గైడ్ గ్రాఫు చూసి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని, నవ్వుతూనే అన్నారు: "ప్లాటినం వేశావా, ఇంటికి పంపావా?"

ఆయన సరదాకే అన్నారేమో. కంసాలి కన్నతల్లి బంగారమైనా వదలడని ఒక సామెత ఉంది. మా ఇళ్లల్లో పుట్టిన ప్రతివాడూ స్కూల్లో ఒకసారైనా విని ఉంటాడు. నేను ఏమీ అనలేదు. హాస్టలుకు పోయి, మర్నాడు మిగిలిన పొడిలో కొంత తీసి, ఆక్వా రీజియాలో కరిగించి ఐసీపీకి పంపించా. అది పైన, లోన అని చూడదు, మొత్తం కరిగినదాంట్లో ఎంత ఏముందో చెబుతుంది. పదిరోజులకు వచ్చింది. ప్లాటినం నోటుబుక్కులో సంతకం పెట్టినంతా ఉంది. ఆ కాగితం సార్ బల్ల మీద పెట్టి వచ్చేశా. సాయంత్రం పిలిచి టీ ఇప్పించారు. మాట వెనక్కి తీసుకోలేదు గానీ, ప్రశ్న మార్చారు: "సరే, ఉంది. మరి ఎక్కడ దాక్కుంది?"

దానికి జవాబు మరుసటి ఏడాది దీపావళి సెలవుల్లో దొరికింది.

పండగ ముందు అంగడిలో పని ఎక్కువ. నాయన ఒక 22 క్యారట్ల గాజును సాగదీస్తున్నాడు. కొట్టికొట్టి గట్టిపడింది, మెత్తబడాలని కుంపట్లో పెట్టి ఎర్రగా కాల్చాడు. పట్టకారుతో తీసి పక్కన పెట్టాడు. చల్లారేసరికి బంగారు గాజు మీద మసి పూసినట్టు నల్లటి పొర. బేరానికొచ్చిన ఆమె గాబరాపడింది: "ఏం సామీ, ఇట్ల నల్లగయిపాయె?"

"ఏం కాదుమ్మా. నిప్పు చూపిస్తే రాగి బయటికొస్తాది. చింతపండులో వేస్తే పోతాది" అన్నాడు.

ఈ మాట నేను పుట్టినప్పట్నుంచి వింటున్నా. వెయ్యిసార్లు విని ఉంటా. ఆ రోజు మాత్రం పుస్తకం మూసి పక్కన పెట్టా.

22 క్యారట్ల బంగారంలో నూటికి ఎనిమిది పాళ్ల చిల్లర రాగీ వెండీ. రాగికి ఆక్సిజన్ అంటే ఇష్టం, బంగారానికి అసలు పట్టదు. వేడి తగిలితే అణువులకు కదిలే వీలు దొరుకుతుంది, పైన ఆక్సిజన్ పిలుస్తుంటుంది. రాగి లోపలినుంచి వచ్చి పైన నల్లటి ఆక్సైడై కూర్చుంటుంది, బంగారం కిందికి దిగుతుంది. నా పొడిలో నికెల్ రాగి, ప్లాటినం బంగారం. హైడ్రోజన్‌లో ఉన్నంతసేపూ ప్లాటినం పైనే ఉండి ఉంటుంది. బటర్ పేపర్ మీద కుప్ప ఎర్రబడిన ఆ కాసేపట్లో నికెల్ బయటికి పరుగెత్తి ఆక్సైడై, ప్లాటినాన్ని లోపల పూడ్చేసింది. ఎక్స్‌పీఎస్ అబద్ధం చెప్పలేదు. చూడాల్సిన రేణువు కాకుండా, కాలిపోయిన రేణువును నేను చూపించానంతే.

పులుపులోంచి తీసిన గాజును నాయన కుంకుడురసంతో, ఇత్తడి బ్రష్షుతో రుద్దుతుంటే, నేనడిగా: "నాయనా, ఇప్పుడు గీటురాయి మీద గీస్తే ఎంత చూపిస్తాది?"

"పైన గీస్తే ఎక్కువ చూపిస్తాది. రాగి పోయింది కదా పైపొరలో. అందుకే ముందు ఆకురాయి పెట్టి, లోపల్ది తగిలేలా గీయాల. ఇన్నేండ్లు చూసినావు, ఇది తెలీదా?"

తెలీదు మరి. గీటురాయి కూడా ఎక్స్‌పీఎస్ లాంటిదే, తోలునే చూస్తుంది. నాయన ఆకురాయి పెట్టాడు, నేను పెట్టలేదు.

తిరుపతికి వచ్చి గైడ్‌కు కాగితం కాలిన సంగతి చెప్పేశా. తిట్లు తిన్నా, కొంచెం ఎక్కువే. తరవాత లైబ్రరీలో కూర్చుంటే ఈ దారిలో నడిచినవాళ్లు చాలామందే కనపడ్డారు. 2008లో రసాయన శాస్త్రవేత్త సొమొర్జాయ్ బృందం రోడియం, పల్లాడియం సగంసగం కలిపిన రేణువుల్ని వాయువుల మధ్య ఉండగానే ఎక్స్‌పీఎస్‌లో చూసింది. నైట్రిక్ ఆక్సైడ్ పంపితే రోడియం పైకొచ్చింది, కార్బన్ మోనాక్సైడ్ కూడా కలిపితే పల్లాడియం పైకొచ్చింది. వాయువు మార్చిన ప్రతిసారీ అటూ ఇటూ. రేణువు పైపొర అనేది ఒక స్థిరమైన వస్తువు కాదు, చుట్టూ ఉన్న గాలిని బట్టి మారే ముఖం. అంతకు చాలా ముందే, 1970ల మొదట్లో, చమురు కంపెనీ ఎక్సాన్‌లో సిన్ఫెల్ట్ నికెల్‌కు కొద్దిగా రాగి కలిపి చూశాడు. నూటికి ఐదు పాళ్ల రాగికే ఈథేన్‌ను విరిచే పని వెయ్యిరెట్లు పడిపోయింది. అక్కడ హైడ్రోజన్‌లో రాగి పైకొచ్చి నికెల్‌ను కప్పేసింది. మా అంగడిలో ఆక్సిజన్ పిలిస్తే పైకొచ్చే రాగి, నికెల్ పక్కన హైడ్రోజన్‌లో పైకొస్తుంది. ఒక లోహం పైనుంటుందా లోనుంటుందా అన్నది దాన్ని ఒక్కదాన్నే అడిగితే తేలదు. పక్కన ఎవరున్నారు, చుట్టూ ఏం వాయువుంది అనీ అడగాలి.

సైజు సంగతి కూడా నాకు లెక్క వేస్తేగానీ దిగలేదు. నాయన గాజులో నల్లపొర గాజంతటితో పోలిస్తే లెక్కలోకి రాదు. నానో రేణువుకు అట్లా కాదు. 5 నానోమీటర్ల రేణువు తీసుకోండి. పైన చుట్టూ 1 నానోమీటరు ఆక్సైడైతే లోపల మిగిలే గుండు అడ్డం 3 నానోమీటర్లు. ఘనపరిమాణం 125కు 27. అంటే "కొంచెం పైపైన ఆక్సైడైందిలే" అన్నప్పుడు నాలుగింట మూడు వంతులకు పైగా లోహం పోయినట్టే. పాసివేషన్ సరిగ్గా చేసినా ఇదే గతి. కాబట్టి పాసివేట్ చేసిన పొడిని చూసి "ఇదీ నా కెటలిస్టు" అనడం పొగమంచులో చూసిన ముఖం గురించి చెప్పడమే. ఎన్ని పేపర్లలో అట్లా రాస్తారో! నేనూ మొదటి పేపర్లో అట్లే రాశాను, ఇప్పుడు చదువుకుంటే సిగ్గేస్తుంది.

ఘాట్ రోడ్డులో కారు దిగేటప్పుడు కూడా ఇప్పుడు నాకిదే ధ్యాస. పెట్రోలు కార్ల పొగగొట్టంలో ఉండే కెటలిస్టు కూడా ఇట్లాంటిదే: అల్యూమినా, సీరియా అనే ఆక్సైడుల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం. తిరుమలకు ఎక్కేటప్పుడు కొత్త ఘాట్‌లో ఇంజన్ మూలిగి మూలిగి కెటలిస్టును బాగా వేడెక్కిస్తుంది. పాత ఘాట్‌లో దిగేటప్పుడు గేరులో వేసి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్షన్ ఉన్న బండి పెట్రోలు ఆపేస్తుంది. అప్పుడు గొట్టంలోకి పోయేది ఉత్త గాలి. వేడి, ఆక్సిజన్ రెండూ కలిస్తే రోడియం ఆక్సైడై అల్యూమినాలోకి దిగి దాక్కుంటుంది. మళ్లీ పెట్రోలు పాలు ఎక్కువున్న పొగ తగిలితే కొంత బయటికొస్తుంది. వెనక సీట్లో అమ్మ గోవిందనామాలు చెప్పుకుంటుంటే నేను మలుపు మలుపుకూ రోడియం లోపలికా బయటికా అని లెక్కలేసుకుంటా. ఇది జబ్బే, ఒప్పుకుంటా.

రెండోసారి పద్ధతిగా చేశాం. కొత్త సిలిండర్ వచ్చేదాకా ఆగి, ఆర్గాన్ నింపిన సంచిలోనే పొడిని సీసాలోకి మార్చి, మూతకు మైనం పెట్టి, గాలి తగలకుండా మెషిన్ దాకా మోసుకుపోయాం. అక్కడ పక్క గదిలో ఇంకోసారి హైడ్రోజన్ చూపించి శూన్యంలోనే లోపలికి జరిపారు. 852.6 దగ్గర నికెల్ సూదిలా నిలబడింది. 71 దగ్గర నికెల్ తోక మీద ప్లాటినం రెండు మూపురాలు ఎవరికీ చెప్పక్కర్లేకుండా కనపడ్డాయి. సార్ ఏమీ అనలేదు, గ్రాఫును ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. అదే పొడికి తరవాత గాలి చూపించి 400 డిగ్రీల్లో కాల్చి మళ్లీ చూస్తే, మూపురాలు మాయం. తిరిగి హైడ్రోజన్‌లో పెడితే వచ్చాయి, కానీ మొదటంత ఎత్తు లేవు. పోయినదంతా వెనక్కి రాదు.

పొడిని వేడి చేస్తూ బరువు తూచే టీజీఏలో ఇంకో తమాషా జరిగింది, వైవాలో అడిగారు కూడా. వాడేసిన కెటలిస్టును గాలిలో వేడి చేస్తే మసి కాలి బరువు తగ్గాలి. నాది మొదట పెరిగింది. నికెల్ ఆక్సిజన్‌ను పట్టుకుంటోంది. ఇరవై పాళ్ల నికెల్ మొత్తం ఆక్సైడైతే నూటికి ఐదున్నర దాకా బరువు పెరుగుతుంది. ఆ పెరుగుదల తీసెయ్యకుండా మసిని లెక్కగడితే తక్కువ చూపిస్తుంది, కెటలిస్టు ఉన్నదానికంటే మంచిదనిపిస్తుంది. జాగ్రత్త.

పారేయకుండా దాచిన ఆ కాలిన పొడిని చివర్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, అంటే టీఈఎమ్‌లో పెట్టించాం. రేణువులు కొన్ని గుండ్లు కావు, ఉంగరాలు. లోపల బోలు. ఒకటి రెండింటిలో బోలు మధ్యన నల్లటి చుక్క. ప్లాటినం అణువు బరువు కాబట్టి నల్లగా పడుతుంది. ఇట్లా ఎందుకవుతుందంటే, నికెల్ బయటికి పోయే వేగం ఆక్సిజన్ లోపలికి వచ్చే వేగం కంటే ఎక్కువ. వదిలిపోయిన చోటు ఖాళీ అవుతుంది, ఖాళీలన్నీ కలిసి గొయ్యి అవుతాయి. 1947లో కిర్కెండాల్ అనే లోహ శాస్త్రవేత్త ఇత్తడి మీద మాలిబ్డినం తీగలు చుట్టి, పైన రాగి పూతపెట్టి, రెండు లోహాలు సమాన వేగంతో కదలవని చూపించాడు. 2004లో రసాయన శాస్త్రవేత్త అలివిసాటోస్ బృందం కోబాల్ట్ రేణువులతో ఇదే కిటుకు వాడి, బోలు కోబాల్ట్ ఆక్సైడులో ప్లాటినం గింజను కావాలనే చేసి చూపించింది. వాళ్లు కావాలని చేశారు, నాకు గరుడసేవ రోజు అయిపోయింది.

ఆ ఫొటో ప్రింటు తీసి పోయిన సంక్రాంతికి ఇంటికి తీసుకుపోయా. నాయన కళ్లద్దాలు తుడుచుకుని, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది మువ్వ కదరా. లోపల గుండు."

"అవును నాయనా. నికెల్ మువ్వ, ప్లాటినం గుండు."

"ఎంత ఉంటాది?"

"వెంట్రుక మందంలో వేలకు వేలు పక్కపక్కన పట్టేస్తాయి."

కాసేపు మాట్లాడలేదు. కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, ఉంగరం అంచు చుట్టూ గోటితో రాసి చూశాడు.

"టంకం ఎక్కడ పెట్టినావు?"

"టంకం లేదు. లోపల్ది బయటికొచ్చేసింది, అదే బోలు అయింది."

"రెండు చిప్పలు కొట్టి, గుండు వేసి, టంకం పెట్టి అతికితేగానీ మువ్వ కాదురా" అని, ఇంకోసారి చూసి, "దీంట్లో అతుకు కనపళ్లేదే" అంటూ దాన్ని కుంపటి పైన గోడకు, లెక్కల క్యాలెండరు పక్కన మేకుకు గుచ్చాడు. బేరానికి వచ్చినవాళ్లు అడిగితే మా అబ్బోడు చేసిన మువ్వ అని చెబుతున్నాడట.